చదివి వినిపించిన కాయితం

సిరొంచ తహసీలు ఆఫీసు ముందు రేకుల పందిరి కింద కూర్చుని కాయితాలు రాసే మంగయ్యకు ఒక పేరుంది. వేలిముద్ర వేయించడంలో అతన్ని మించినవాడు లేడని. జనం భయంతో చెయ్యి బిగబట్టుకుంటే ముద్ర అలుక్కుపోతుంది. అందుకని మంగయ్య ముందు ఆ చేతిని తన అరచేతిలో పెట్టుకుని "బర్రె ఈనిందా? పాలెట్ల?" అని ఏదో ఒకటి అడుగుతాడు. వాళ్లు జవాబు చెప్పేలోపల బొటనవేలు సిరా దిమ్మె మీద ఒకసారి, కాయితం మీద ఎడమ నుంచి కుడికి ఒకసారి దొర్లుతుంది. గీతలు లెక్కపెట్టుకోవచ్చు, అంత శుభ్రంగా పడుతుంది. తర్వాత కిరసనాయిలు గుడ్డ అందిస్తాడు. సగం మంది దాన్ని చూడనైనా చూడరు, సిరాను నెత్తికి రుద్దుకుని లేచిపోతారు.

సిరొంచ మహారాష్ట్రలో ఉంది కాబట్టి కాయితం మరాఠీలో ఉంటుంది. వేలు పెట్టేవాళ్లు తెలుగు మనుషులు. మధ్యలో ఉండేది మంగయ్య నోరు. ప్రతి దస్తావేజు అడుగున, పైన రాసిందంతా తెలుగులో చదివి వినిపించాను, అర్థం చెప్పాను అని మరాఠీలోనే ఒక వాక్యం రాసి రాతగాడు సంతకం పెట్టాలి. అది సర్కారు పెట్టిన నియమం. ఆ వాక్యం మంగయ్య కళ్లు మూసుకుని కూడా రాయగలడు. నిజం చెప్పాలంటే చాలాసార్లు మూసుకునే రాశాడు.

మంగయ్య చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే ఈ కథ చెప్పుకోనక్కర్లేదు, వాడి పాపాన వాడు పోయేవాడు.

ఆ ఏడు, రెండు వేల ఆరులో, మిరుగు కార్తె ముందర అతనికి ఊపిరి తిప్పుకోలేనంత పని తగిలింది. అటు యవత్‌మాల్ దిక్కు రైతులు మందు తాగి చచ్చిపోతుంటే సర్కారుకు షావుకార్లు యాదికొచ్చారు. లైసెన్సు లేకుండా అప్పులిచ్చి భూములు లాక్కున్న వాళ్ల మీద అర్జీలు తీసుకోవాలని పైనుంచి హుకుం వచ్చింది. సహకార శాఖ ఆఫీసు గోడకు నోటీసు అంటించారు. శుక్రవారం సాహేబు అహేరి నుంచి వస్తాడు, అప్పటిదాకా వచ్చినవన్నీ ఆ రోజే వింటాడు. అర్జీకి రెండు పేజీల ఫారం, మరాఠీలో. మరాఠీ ఫారమంటే మళ్లీ మంగయ్యే కదా. సోమవారం పొద్దున పదకొండు కాకముందే ఎనిమిది ఫారాలు నింపాడు.

తొమ్మిదోది దేవక్కది.

అంకిస నుంచి జీపులో వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. పక్కన త్రివేణి ఉంది, ఆ ఊరి అంగన్‌వాడీ కార్యకర్త, పన్నెండు దాకా మరాఠీ బళ్లో చదివిన పిల్ల. నోటీసు సంగతి ఊళ్లో చెప్పింది ఆమెనే. "కాకా, జర మంచిగ రాయి. నేను రిపోర్టు ఇచ్చి వస్త" అని త్రివేణి తన ఆఫీసు వైపు వెళ్లిపోయింది.

దేవక్క బల్ల ముందు కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది.

"అన్నా, నా పొలంల ఎవలియో ఎడ్లు దిగినయి."

మంగయ్య కలం మూత తీయబోయి ఆగాడు.

"ఎవలియి?"

"ఎవలియైతేంది? సావుకారి పంపిండట. మొన్న దుక్కికి పోతే గెట్టు మీదనే ఆపిన్రు నన్ను. నా పొలంల అడుగు పెట్టద్దంట, నేను."

ఆమె నిదానంగా, పక్కింటి సంగతి చెప్తున్నట్టు చెప్పింది. నాలుగేళ్ల కింద పెనిమిటి బుచ్చన్నకు రాళ్ల ఆపరేషను. పడవెక్కించి కాళేశ్వరం దాటించి వరంగల్ తీసుకుపోవాలి. గోపాల్‌రావు షావుకారు దగ్గర పదిహేను వేలు తెచ్చారు. వాగు పక్కన ఎకరంనర కుదువ పెట్టారు. దున్నేది తామే, పంటకు నాలుగు బస్తాలు మిత్తి కింద కొలిచేది. ఈ ఎండాకాలం తునికాకు పైసలు, రెండు దూడలు అమ్మిన పైసలు కూడబెట్టి మొత్తం పట్టుకుపోయింది.

"పైసలు ముట్టనన్న ముట్టలే అన్నా. 'ఏం పైసలు? భూమి నాకు అమ్మినవ్ గద, సాతబారా పహాణి మీద నా పేరే ఉన్నది' అన్నడు. అమ్ముడేంది? కుదువ అని నువ్వే సదివి చెప్తివి. ఇదే బల్ల కాడ. ఆయిన్ని మంచం మీద పండవెట్టి వచ్చిన, నువ్వు నాకు చాయ్ గూడ తాపిచ్చినవ్."

చాయ్ సంగతి మంగయ్యకు గుర్తు లేదు. దస్తావేజు మాత్రం గుర్తుంది. దాని మీద కుదువ అన్న మాటే లేదు. ఖరేదీఖత్, అంటే అమ్మకం కాయితం. 'నా ఖుషీతో అమ్ముతున్నాను, ఇకమీద నాకు గానీ నా వారసులకు గానీ ఈ భూమి మీద హక్కు లేదు.' ఆ మాటలు తన చేత్తోనే రాశాడు. రాసి, కళ్లు దాని మీదే పెట్టుకుని, నోటితో కుదువ అని చదివాడు. ఒక్క దేవక్కకే కాదు. అప్పుడందరికీ అట్లాగే చదివేవాడు. పైసలు కడితే షావుకారు తిరిగి రాసిచ్చేవాడు కూడా, ఇద్దరు ముగ్గురికి ఇచ్చాడు. ఉన్నదున్నట్టు చదివితే బెదిరిపోతారు, బెదిరితే పైసలు దొరకవు, పైసలు దొరక్కపోతే మనిషి చస్తాడు. అప్పుడు అది ఉపకారంగానే కనిపించింది.

ఫారంలో ఏడో గడి వచ్చింది. తాకట్టు కాయితం ఎవరు రాశారు, దాన్ని చదివి వినిపించారా అని. మంగయ్య కలం అక్కడ ఆగిపోయింది. పందిరి రేకులు ఎండకు టకటకమంటున్నాయి.

"ఏమన్న అడుగుతుండ్రా అన్నా?"

"రాసినోడు ఎవడని."

"నీ పేరు రాయి. నిన్ను తెల్వనోళ్లు ఎవలున్నరు? నువ్వు చెప్తే సార్లు నమ్ముతరు."

మంగయ్య ఏడో గడిలో 'తెలియదు' అని రాశాడు. మరాఠీలో అది రెండే మాటలు, చిటికెలో అయిపోతుంది.

"రాసినవా?"

"రాసిన."

"ఇగ భూమి వస్తదా?"

"వస్తది చెల్లె. సర్కారే దిగింది గద. ఫికర్ చెయ్యకు." ఆమె చెయ్యి తన అరచేతిలోకి తీసుకున్నాడు. ఏమీ అడగలేకపోయాడు, బర్రె సంగతి కూడా. ఆ రోజు ముద్ర కొంచెం అలికింది.

దేవక్క సిరాను నెత్తికి రుద్దుకుని కొంగు ముడి విప్పి పది రూపాయలు తీసింది. మంగయ్య వద్దన్నాడు. అతనెంత మంచివాడో అనుకుంది ఆమె. ఆ మాట పైకే అంది. త్రివేణి వచ్చి ఫారం నకలు మడిచి సంచీలో పెట్టుకునేదాకా మంగయ్య తల వంచుకుని బల్ల మీద సిరా మరకను తుడుస్తూనే ఉన్నాడు. అది ఎన్నేళ్లనాటి మరకో, ఎంత తుడిచినా పోయేది కాదు.

*

బుధవారం మిరుగు. గోదావరి చేపలకు ఆ రోజు గిరాకీ అంతా ఇంతా కాదు. మంగయ్య భార్య తిరుపతమ్మ పొద్దున్నే రేవుకు పోయి బొచ్చె చేప తెచ్చి, బూడిద రాసి పొలుసు తీసి, మామిడికాయ వేసి వండింది. మధ్యాహ్నం మంగయ్య పీట మీద కూర్చున్నాడో లేదో వాకిట్లో మోటరుసైకిల్ ఆగింది.

గోపాల్‌రావు షావుకారు ఒకరి ఇంటికి రావడం అరుదు. పిలిపించుకోవడమే అలవాటు. తెల్ల పంచె కొస చేత్తో పట్టుకుని వచ్చి నులక మంచం మీద కూర్చున్నాడు.

"తిను, తిను. మిరుగు పూట తినేటోన్ని లేపద్దు."

మంగయ్య లేచి చెయ్యి కడుక్కున్నాడు.

"నోటీసు అచ్చింది" అన్నాడు గోపాల్‌రావు. "శుక్రారం. అంకిస ఆమెది. నిన్ను గూడ పిలుస్తరు, దస్తావేజు మీద నీ సంతకం ఉన్నది గద. నువ్వేం అబద్ధం చెప్పనక్కర లేదు మంగయ్యా. 'చదివి వినిపించిన' అని సంతకం పెట్టినవ్. 'వినిపించిన' అను. అంతే."

"ఆమె పైసలు తెచ్చింది గద సావుకారీ. తీసుకుని రాసిస్తే ఒడుస్తుండె."

"అది అప్పటి ముచ్చట. ఇప్పుడు రోడ్డు వస్తుందంటున్నరు, ధర పెరిగింది. నాకు బిడ్డలు లేరా?" గోపాల్‌రావు దాపరికం లేకుండా అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "నేను నిన్ను బెదిరిస్తలేను. ఒక్కటే యాది చేస్త. సర్కారు నా అప్పుల లైసెన్సు మల్ల ఇయ్యకపోతే నేను నీ కాడికి వచ్చి ఇగ అప్పులియ్యద్దా ఏంది అని అడిగిన. అడిగిన్నా లేదా?"

మంగయ్య తడి చెయ్యి తువ్వాలకు తుడుచుకున్నాడు.

"'గహాణ్, కుదువ అని రాస్తే దొరుకుతవ్, ఖరేదీ రాయిచ్చుకో, తిరిగి ఇచ్చుడు నోటిమాట మీద ఉంచు' అన్నది ఎవలు? నాకు మరాఠీల నా పేరు తప్ప ఏం రాదు. ఆ ఉపాయం నాకెట్ల తెలుస్తది?"

కుదువ కాయితానికి లైసెన్సు అడిగే చట్టం అప్పటికే ఉంది. అమ్మకం కాయితానికి లైసెన్సు ఎవరడుగుతారు? చట్టం ఒక కంత మూస్తే పక్కన ఇంకో కంత చూపించేవాడు ఒకడుంటాడు ఎప్పుడూ. సిరొంచలో వాడు మంగయ్య. అప్పుడా తెలివికి గోపాల్‌రావు నవ్వి భుజం తట్టాడు, మంగయ్యకు గర్వమే అయింది. ఇప్పుడా గర్వం గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

గోపాల్‌రావు పోయాక తిరుపతమ్మ కంచంలో అన్నం కలిపి ముందు పెట్టింది. ఆమె లోపల్నుంచి అంతా విన్నది. తనూ ఒక కంచం పెట్టుకుని, చేపముల్లు తీసి పక్కన పెడుతూ అంది:

"నేను గూడ ఒకదానికి ఏలు పెట్టిన గద. మన ఇల్లు కట్టేటప్పుడు, బ్యాంకు కాయిదానికి. అండ్ల ఏం రాసినవ్?"

"ఏమున్నది, లోన్ కాయిదం. నువ్వు జామీను."

"జామీనంటే?"

"నేను కట్టకుంటే నువ్వు కట్టాలె."

"అప్పుడు గట్ల చెప్పలే నాకు. 'ఊకె సంతకం లెక్క' అంటివి." ఆమె కోపంగా ఏం అనలేదు. అన్నం ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. "మంచిగనే అయింది తియ్యి. కట్టినవ్ గద."

మంగయ్య బొచ్చె ముల్లు గొంతులో దిగిందనుకుని వట్టి అన్నం ఉండ మింగాడు. ముల్లేం లేదు.

*

గురువారం పని మానుకుని అంకిస పోయాడు. ఎందుకు పోతున్నాడో జీపులో తనకు తానే రెండు తీర్లు చెప్పుకున్నాడు. ఒకసారి, ఏడో గడి సంగతి ఆమెకు చెప్పేద్దామని. ఇంకోసారి, రేపు నా పేరు ఎత్తకు చెల్లె అని బతిమాలుకుందామని. జీపు దిగేసరికి ఏది అడగడానికి వచ్చాడో తేల్చుకోలేక నిలబడ్డాడు.

దారిలోనే పొలం. వాగు ఒడ్డున ఎకరంనర చెక్క. మిరుగు చినుకు పడి మట్టి వాసనేస్తోంది. ఎవరో తెలియని మనిషి కొత్త ఎడ్లతో రెండో చాలు దున్నుతున్నాడు. పొలానికీ ఎడ్లకూ ఏం తెలుసు, ఎవరు తోలితే వాళ్లవే.

దేవక్క ఇంటి పంచలో తడి గోనెసంచి ఉంది, మీద గడ్డి కప్పి. ఆమె గడ్డి తీసి చెయ్యి లోపలికి పెట్టి వేడి చూస్తోంది. బుచ్చన్న గోడకానుకుని కూర్చుని "రా అన్నా" అన్నాడు.

"ఇదేంది చెల్లె?"

"ఇత్తనం వడ్లు. మంగళారం నానబోసిన. మొలక కట్టినయి చూడు." పిడికెడు తీసి చూపించింది. ప్రతి గింజకూ తెల్లటి మొన. "శుక్రారం సారు వింటడు, శనారం నారు పోసుకుంట అనుకున్న."

"గప్పుడే ఎందుకు నానబోసినవ్?"

"నువ్వు వస్తదంటివి గద."

మంగయ్య అరుగు మీద కూర్చున్నాడు. కోర్టు లేకుండా, ఏళ్లు గడవకుండా ఏ భూమీ తిరిగి రాదని అతనికి తెలుసు. సోమవారం కూడా తెలుసు. అయినా నోరు వస్తదని అంది. ఆ నోటికి అది అలవాటు. ఎదుటివాళ్ల మొహం చూసి, ఆ మొహానికి సరిపోయే మాట చదివి వినిపిస్తుంది. మొలకెత్తిన వడ్లు ఆగవు. రెండు రోజుల్లో మడిలో పడకపోతే కోళ్లకు పొయ్యాల్సిందే.

దేవక్క మజ్జిగ తెచ్చిచ్చింది. అతను తాగుతున్నంతసేపూ మొహంలోకి చూసింది.

"రేపు నిన్ను గూడ పిలిచిన్రా అన్నా?"

"పిలిచిన్రు."

"నీ పనికేం కాదు గద?"

"ఏం గాదు."

"ఇరవై ఏండ్ల సంది అదే బల్ల. ఇంకో పని రాదాయె నీకు" అంది ఆమె. మంగయ్యకు ఆ మాటలో ఇంకేదో ఉందనిపించింది కానీ తెలుసుకునే ధైర్యం లేకపోయింది. త్రివేణి అటుగా పోతూ వాకిట్లో ఆగింది. ఎప్పుడూ "కాకా, బాగున్నవా" అనే పిల్ల, ఆ రోజు ఒకసారి చూసి ఊరుకుని వెళ్లిపోయింది.

వచ్చిన పని రెండింట్లో ఒకటీ చెయ్యకుండానే మంగయ్య తిరిగి జీపెక్కాడు.

*

శుక్రవారం సహకార శాఖ ఆఫీసు వరండాలో పాతిక మంది దాకా ఉన్నారు, చేతుల్లో మడతలు పడ్డ కాయితాలతో. లోపల బల్ల వెనక సాహేబు, పొట్టి మనిషి, మరాఠీ తప్ప రాదు. పక్కన గుమాస్తా అజయ్‌కుమార్, సిరొంచ కుర్రాడే, ఇటు మాట అటు చెప్పేది అతను. కిటికీ లోంచి లోపలి మాట వరండాకు వినిపిస్తోంది.

దేవక్క పేరు పిలిచారు. ఆమె, త్రివేణి లోపలికొచ్చారు. గోపాల్‌రావు అప్పటికే కుర్చీలో ఉన్నాడు. మంగయ్య గోడ పక్కన నిలబడ్డాడు.

గోపాల్‌రావు పొడుగ్గా ఏం మాట్లాడలేదు. కొన్నాను, రిజిష్టరు అయింది, చదివి వినిపించారు, ఆమె వేలు పెట్టింది. అంతే.

సాహేబు దస్తావేజు నకలు, అర్జీ ఫారం పక్కపక్కన పరిచాడు. అద్దాలు పైకి తోసుకుని ఒకసారి ఇది, ఒకసారి అది చూశాడు. తర్వాత మెల్లగా ఏదో అన్నాడు. అజయ్‌కుమార్ తెలుగులో చెప్పాడు:

"అర్జీల, దస్తావేజు ఎవలు రాసిన్రో తెల్వదు అని ఉన్నది. దస్తావేజు మీద మంగయ్య సంతకం ఉన్నది. రెండిట్ల దస్తూరి ఒక్కటే. ఎట్ల అని సార్ అడుగుతుండు."

మంగయ్య గోడ వదిలి ముందుకొచ్చాడు. అతను నోరు తెరిచేలోపలే దేవక్క చెప్పింది.

"నేనే సార్. నాకే యాదికి రాలే. తెల్వదు అని నేనే రాయించిన."

"పెద్దమ్మా" అంది త్రివేణి సన్నగా, ఆమె చెయ్యి పట్టుకుని. దేవక్క ఆ చెయ్యి విడిపించుకుంది.

అప్పుడు తెలిసింది మంగయ్యకు. నకలు త్రివేణి చదివింది. ఏడో గడిలో ఏముందో దేవక్కకు నిన్ననే తెలుసు. తెలిసే మజ్జిగ ఇచ్చింది.

సాహేబు ఇంకో ప్రశ్న వేశాడు. దస్తావేజు నీకు చదివి వినిపించారా, ఏమని వినిపించారు అని. అజయ్‌కుమార్ అడిగాడు.

దేవక్క బొటనవేలిని ఇంకో చేత్తో రుద్దుకుంటూ నిలబడింది. "సరిగ్గనే సదివిండు సార్. ఆయన తప్పు లేదు. నాకే సమజ్ కాలే. ఆపరేషన్ ఆరాటంల ఉంటి."

గోపాల్‌రావు కుర్చీలో వెనక్కి వాలాడు. అజయ్‌కుమార్ ఆమె మాట మరాఠీలో చెప్పి రాయడానికి కలం ఎత్తాడు. ఆ మాట కాయితం మీద పడిందంటే ఎకరంనర పోయినట్టే. చట్టానికి అంతకంటే ఏం కావాలి? ఆమెకు ఆ సంగతి తెలుసో తెలియదో. మంగయ్య బల్ల నిలబడాలని, అతనికింకో పని రాదని, ఆమె తన పొలాన్ని అక్కడ పెట్టేస్తోంది. కుదువ కూడా కాదు ఇది. మంగయ్యకు పుట్టి బుద్ధెరిగినాక అంత సిగ్గు ఎప్పుడూ కాలేదు. దొంగను పట్టుకుని చెట్టుకు కట్టినా ఇంకొంచెం నయంగా ఉండేదనిపించింది.

"రాయకు" అన్నాడు.

అజయ్‌కుమార్ తలెత్తాడు.

"ఆమె అబద్ధం చెప్తుంది సార్" అన్నాడు మంగయ్య మరాఠీలో. "తెలియదు అని రాసింది నేను, ఆమె నా పేరు రాయమన్నా. దస్తావేజు నేను సరిగ్గా చదవలేదు."

సాహేబు అతన్ని కాసేపు చూసి దస్తావేజు ఇటు తిప్పి బల్ల మీద ముందుకు జరిపాడు. ఆ రోజు ఎట్లా చదివావో అట్లాగే ఇప్పుడు చదువు అన్నాడు.

మంగయ్య కాయితం తీసుకున్నాడు. తన చేతిరాత, తన సంతకం. కళ్లు దాని మీదే పెట్టి, పందిరి కింద చదివే గొంతుతోనే తెలుగులో చదివాడు. "'అంకిస నివాసి దేవక్క, బుచ్చన్న పెండ్లాం, వాగు పక్కన ఎకరంనర పొలం గోపాల్‌రావు తాన పదిహేను వేలకు కుదువ పెడుతున్నది. పైసలు ముట్టజెప్పిన నాడు భూమి మల్ల దేవక్కకు రాసియ్యాలె. అప్పటిదాంక దున్నుకునేది దేవక్కనే.'"

ఎక్కడా తడబడలేదు. అదే అతనికి భయమేసింది. అజయ్‌కుమార్ ఒక్కో మాటా మరాఠీలో చెప్తుంటే, సాహేబు ఇంకో నకలు మీద వేలు పెట్టి పైనుంచి కిందికి వెతికాడు.

"ఎక్కడుంది ఇది?"

"ఎక్కడా లేదు సార్."

"అట్లా చదవమని ఎవరు చెప్పారు? ఈయనేనా?"

గోపాల్‌రావు ముందుకు వంగాడు. మంగయ్య అతని వైపు చూడలేదు.

"ఎవరూ చెప్పలేదు. కుదువను అమ్మకంగా రాయించుకొమ్మని ఈయనకు సలహా ఇచ్చింది నేనే. ఆమెకు కుదువ అని చదివిందీ నేనే. ఆమె పైసలు వాపసు తెస్తే ఈయన తీసుకోలేదు. అది మాత్రం ఈయన చేసిన పని."

"ఇట్లాంటివి ఎన్ని చదివావు?"

"లెక్క పెట్టలేదు సార్."

ఈ మాట అజయ్‌కుమార్ ఎవరికీ తెలుగులో చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది. వరండాలో మరాఠీ అర్థమయ్యేవాళ్లు ఇద్దరు ముగ్గురుంటారు, మిగతావాళ్లకు వాళ్లు చెప్పారు. బయట గుసగుస లేచి, కాయితాల మడతలు విప్పుతున్న చప్పుడైంది.

సాహేబు కఠినంగా ఏం మాట్లాడలేదు. భూమి తిరిగి ఇప్పించే అధికారం తనకు లేదన్నాడు. ఈ బయాను, అంటే మంగయ్య ఇచ్చిన వాంగ్మూలం, రిపోర్టుతో పైకి పోతుంది, దాన్ని పట్టుకుని ఆమె కోర్టుకు పోవచ్చు, ఈ బయాను ఉంటే దారి ఉంది, లేకపోతే అసలు లేదు. లైసెన్సు లేని అప్పుల మీద గోపాల్‌రావు సంగతి పోలీసులకు రాస్తాడు. మంగయ్య మీదా రిపోర్టు పోతుంది, రాతగాడి కార్డు ఇక్కడ పెట్టి వెళ్లాలి.

మంగయ్య జేబులోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. ఇన్నేళ్లు చెమటకు తడిసి దాని మీద ఫొటో సగం చెరిగిపోయింది. అజయ్‌కుమార్ రాసిన బయాను కింద సంతకం పెట్టాడు. ఆ పక్కనే దేవక్క ముద్ర కావాలి. ఆమె చెయ్యి చాపింది. మంగయ్య చెయ్యి అలవాటుగా లేచి మధ్యలో ఆగిపోయింది. అజయ్‌కుమార్ ఆమె వేలు పట్టుకుని వేయించాడు.

బయటికొచ్చాక దేవక్క వరండా మెట్ల మీద కూర్చుంది. చేతిలో బయాను నకలు.

"ఎందుకు చెప్పినవ్ అన్నా?" అంది. "నేను చెప్పిన గద, నీ తప్పు లేదని. పోతే ఎకరంనర పోతుండె."

"నువ్వు గట్ల ఎందుకన్నవ్ చెల్లె? నేను గడిల తెల్వదు అని రాసినట్టు ఎరుకే గద నీకు."

ఆమె చేతిలోని నకలును ఇంకో మడత పెట్టింది. "నేను ఆనాడు కాయిదానికి ఏలు పెట్టలే అన్నా, నీ మాటకు పెట్టిన. కాయిదంల ఏమున్నదో నాకేమెరుక? నీ మాట అబద్ధం అని పది మంది ముంగట ఎట్లంటరు? నోరు రాలే."

మంగయ్య ఒక మెట్టు దిగి నిలబడ్డాడు. తప్పయిందని అన్నాడు. అది వినిపించిందో లేదో, ఆమె సంచీలోంచి తువ్వాల తీసి మొహం తుడుచుకుంది.

"వడ్లెట్ల పెద్దమ్మా?" అంది త్రివేణి.

"ఎట్లనో."

"మా పెరట్ల బాయి పక్కన చెక్క ఖాళీగనే ఉన్నది. అండ్ల పొయ్యి. నారు ఎదిగేలోపల ఏదో ఒకటి అయితది, కాకుంటే అమ్ముకుందువు."

దేవక్క తలూపింది. తర్వాత చేతిలోని నకలు మడత విప్పింది. మంగయ్య చెయ్యి దానికదే ముందుకు వచ్చింది. సిరొంచలో ఎవరు కాయితం విప్పినా ఆ చెయ్యి అట్లా రావడం ఇరవై ఏళ్ల అలవాటు. కాయితం ఆ చెయ్యి పక్కనుంచి త్రివేణి దగ్గరికి పోయింది.

"నువ్వు సదువు బిడ్డా" అంది దేవక్క. "ఏముంటే గదే సదువు. ఒక్క మాట ఇడువకు."

ఆ గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. ఇంట్లో పాము కనిపించాక చీకట్లో అడుగు చూసి వేస్తారే, అంతే.

త్రివేణి మెట్టు మీద కూర్చుని మొదలుపెట్టింది. తెలుగు చదువు లేని పిల్ల. ఒక మరాఠీ మాట చదివి, ఆగి, పెదాలు కదిపి, దానికి తెలుగు వెతుక్కుని చెప్తోంది. మంగయ్య అయితే మూడు నిమిషాల్లో ముగించేవాడు, నున్నగా. ఆమెకు పావుగంట పట్టింది. "'నేను, మంగయ్య, దస్తావేజు రాసేటోన్ని... కాయిదం మీద ఒకటి రాసి... నోటితోని ఇంకొకటి చదివిన.'" ప్రతి మాటకూ దేవక్క "ఊఁ" అంటోంది. వరండాలోంచి ఒకరిద్దరు వచ్చి చుట్టూ నిలబడ్డారు. వాళ్ల చేతుల్లోని కాయితాలు మంగయ్య వైపు కాకుండా త్రివేణి వైపు చాపి ఉన్నాయి.

చదవడం అయిపోయింది. దేవక్క మంగయ్య వైపు తిరిగింది.

"గిట్లనే ఉన్నదా అన్నా?"

"గిట్లనే ఉన్నది."

ఆమె త్రివేణి వైపు తిరిగి కాయితం అంచు వేలితో సర్దింది.

"ఇంకొక్కసారి సదువు బిడ్డా."

త్రివేణి మళ్లీ పైనుంచి మొదలుపెట్టింది. మంగయ్య అక్కడే నిలబడి రెండోసారి కూడా చివరిదాకా విన్నాడు.